రేగిచెట్టు కింది మట్టి

జూన్ తొమ్మిదో తేదీ సోమవారం ఉదయం పదిన్నరకు లోహిత ఒకటో నంబరు కుండీలోని జొన్న వేరును సూక్ష్మదర్శిని కింద పెట్టింది. వేరులో ఏమీ కనిపించలేదు. రెండో కుండీ వేరు పెట్టింది. మూడోది పెట్టింది. రెండు గంటలకు పద్నాలుగు కుండీలూ అయిపోయాయి. కుండీకి ముప్పై చొప్పున నాలుగు వందల ఇరవై వేరు ముక్కలు చూసింది. ఒక్కదాంట్లోనూ నీలం లేదు.

వేరును ముందు క్షారంలో ఉడికించి, తర్వాత నీలం సిరా, వెనిగర్ కలిపిన నీళ్లలో ముంచుతారు. లోపల బూజు ఉంటే అది సిరాను పట్టుకుంటుంది. మిగతా వేరు తెల్లగా ఉండిపోతుంది. లోహిత ముందున్న వేర్లన్నీ తెల్లగా ఉన్నాయి.

ఆ బూజు కోసమే ఆమె తిరుపతిలోని ఒక పరిశోధనశాలలో నాలుగేళ్లుగా పిహెచ్.డి. చేస్తోంది. ఇది రొట్టె మీద పట్టే బూజు లాంటిది కాదు. బతికున్న వేరులోకి దూరి అక్కడే కాపురం ఉంటుంది. వేరు చేరలేని చోటికి దారాలు పంపి భాస్వరం, కొంత నీరు తెచ్చి ఇస్తుంది. మొక్క దానికి చక్కెర పెడుతుంది.

ఐరాలకు నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఒక పల్లెలో జ్ఞానాంబ అనే రైతు ఇంటివాళ్ల చేను ఉంది. చేను మధ్య ఎవరూ ఏనాడూ దున్నని ఒక మిట్ట, మిట్ట మీద ఒక రేగిచెట్టు, దాని పక్కన ఒక పుట్ట. ఆ రేగిచెట్టు కింది మట్టిని లోహిత వేరుశెనగ కుండీల్లో కలిపి, మొక్కలు పెరిగాక నీళ్లు ఆపేసింది. పంతొమ్మిది రోజులు మొక్కలు నిలబడ్డాయి. బూజు లేని కుండీల్లో మొక్కలు పదకొండో రోజుకు వాలిపోయాయి.

ఆ తర్వాత ఆమె చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇంకో పద్దెనిమిది చోట్ల మట్టి తెచ్చింది. అందులో ఏడు రేగిచెట్ల కింద తెచ్చినవే. ఏదీ పదమూడు రోజులు దాటలేదు. చెట్టు ఒక్కటే చాలదని ఆమెకు అప్పుడు అర్థమైంది. సున్నం ఉన్న నేలలో ఒక బూజు ఉంటుంది, ఎరువు పడిన గట్టు మీద ఇంకొకటి, నాగలి తిరిగిన చోట మరొకటి. ఆ మిట్ట మీద మొరం, బీద మట్టి, రేగివేరు, వానలు లేని నెలలు కలిసి ఎన్నేళ్లకో ఆ బూజును అక్కడ నిలిపాయి. బతికున్న వేరు లేకుండా అది పెరగదు కాబట్టి, ఆ మిట్ట మట్టిలో జొన్న నాటి పద్నాలుగు కుండీల్లో దాన్ని బతికించుకుంటూ వచ్చింది.

మునిప్రసాద్ టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన అక్కడ అటెండరు. ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు, జూలై నెలాఖరుకు రిటైరవుతాడు. మార్చిలో లోహితకు పచ్చకామెర్లు వచ్చి చిత్తూరులోని ఇంటికి వెళ్లిపోతే, పన్నెండు వారాలు కుండీలకు నీళ్లు పోసింది ఆయనే. ఆ ఉదయం ఆమె రాగానే ముందు షెడ్డులోకి తీసుకెళ్లి జొన్న చూపించాడు. జొన్న ఆయన భుజం దాటి ఉంది. ఆకులు ముదురుపచ్చగా ఉన్నాయి. ఆమెకు అక్కడే అనుమానం వచ్చింది.

“అన్నా, కుండీల్లో ఏమన్నా ఏసినావా?”

“రొంత డి.ఏ.పి. ఏసినాను పాపా.” ఆయన దాచాల్సిన సంగతిలా చెప్పలేదు. “నువ్వు పోయిన పది దినాలకి ఆకు పసుపు తిరిగింది. నీకూ పచ్చకామెర్లు, దానికీ పచ్చకామెర్లు. పైరు అట్లుంటే సూస్తా ఎట్ల కూసునేది? మా నాయన సూసింటే నన్ను తన్నింటాడు.”

ఎన్నిసార్లు వేశావని ఆమె అడిగింది. వారానికొకసారి, కుండీకి ఒక చెంచా, ఒక్క వారం కూడా తప్పలేదన్నాడు. ఆయన ఊరు పాకాల దగ్గర. పదేళ్ల వయసు నుంచి ఇరవై దాకా మడి పని చేసినవాడు. పసుపు తిరిగిన పైరుకు ఏం చేయాలో ఆయనను ఎవరూ అడగక్కర్లేదు, ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

లోహిత ఆయనను స్టూలు మీద కూర్చోమంది. ఆ పసుపు తాను కావాలని ఉంచిందని చెప్పింది. మట్టి బీదగా ఉంటేనే మొక్కకు బూజుతో పని పడుతుంది. డి.ఏ.పి.లోని భాస్వరం వేరు పక్కనే దొరికితే మొక్క బూజును లోపలికి రానివ్వదు.

“మీ వీధికి కొళాయిలొచ్చినాక బిందెలు మోసే ఆమెను ఎవురన్నా పిలిచినారా అన్నా?”

ఆయన కాసేపు కుండీల వైపు చూశాడు.

“అంటే నేను తిండి పెట్టి సంపినానా?”

ఆమె లేచింది. కుండీల్లోని మట్టిని జల్లెడల్లో కడిగి, బూజు వదిలే గుడ్ల కోసం సాయంత్రం దాకా వెతికింది. అవి తేనె రంగులో, ఒక పక్క చిన్న తోకతో, ఆవగింజలో పదో వంతు ఉంటాయి. దొరికినవి పదకొండు. పదకొండూ డొల్లలు.

మిట్ట మీది మట్టి ఆమె దగ్గర మిగల్లేదు. ఫిబ్రవరిలో కుండీలు మార్చినప్పుడు ఉన్న ఒక్క సంచీ వాడేసింది. ఎండాకాలంలో వెళ్లి తెచ్చుకుందామనుకుంది. ఒక పిడికెడు పక్కన పెట్టుకోకపోవడం, కుండీలకు ఏం వేయకూడదో ఆయనకు చెప్పకపోవడం, రెండూ తన తప్పులేనని ఆమె నోటుబుక్కులో రాసుకుంది.

మర్నాడు గైడు ప్రసన్నకుమారికి సంగతి చెప్పింది. ఎవరు వేశారని ఆవిడ అడిగింది. నేను చెప్పి వెళ్లలేదు మేడం అని మాత్రం లోహిత అంది. ప్రసన్నకుమారి ఇంకో ప్రశ్న అడగలేదు. క్యాలెండరు తీసి, ఆగస్టు పదిహేను లోపల వేరులో బూజు చూపిస్తే పని ముందుకు సాగుతుందని, లేకపోతే విషయం మార్చుకోవాలని చెప్పింది. విషయం మార్చుకుంటే నాలుగేళ్ల పని పోతుంది. కొత్త పనికి మిగిలిన గడువు తొమ్మిది నెలలు.

గురువారం ఉదయం లోహిత కాణిపాకం బస్సు ఎక్కింది. మునిప్రసాద్ సెలవు పెట్టి వెంట వచ్చాడు. వద్దన్నా వినలేదు.  చంద్రగిరి దాటాక, ఎంత మట్టి కావాలని అడిగాడు. ఒక సంచీ చాలంది. ఆయన తన చేతిసంచీలోంచి మూడు ఖాళీ గోతాలు తీసి చూపించి మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

కాణిపాకంలో దిగి ఆటోలో ఐరాల మీదుగా పల్లెకు చేరేసరికి పదకొండయింది. రోడ్డు మీదికి రేగిచెట్టు కనిపించాలి. కనిపించలేదు. దారి తప్పామేమోనని లోహిత ఆటో ఆపించింది. దారి తప్పలేదు. మిట్ట ఉండాల్సిన చోట గొయ్యి ఉంది. దాని అంచుల మీద జేసీబీ పళ్ల గీతలు ఇంకా ఉన్నాయి.

టమేటా చేనులో ఉన్న జ్ఞానాంబ వాళ్లను చూసి గట్టు మీదికి వచ్చింది. ఆమెకు అరవై ఆరేళ్లు. లోహిత నాలుగేళ్లలో తొమ్మిదిసార్లు ఆ చేనుకు వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆమె ఇంట్లోనే తింది.

“ఏప్రిల్లో తవ్వినారు పాపా. మిట్ట మా మరిది చిన్నబ్బ భాగంలోది. రోడ్డు పనికి మట్టి గావల్లంటే ఇచ్చినాడు. సదును జేసి పోతామన్నారు, గుంత జేసి పోయినారు.”

“చెట్టు, అవ్వా?”

“పొయ్యిలోకి పోయింది.”

లోహిత గొయ్యిలోకి దిగింది. నాలుగు చోట్ల గీకి మట్టిని అరచేతిలో నలిపి చూసింది. మొరం, సున్నపురాయి ముక్కలు. ఎక్కడా ఒక వేరు పోగు లేదు. వేరు లేని చోట ఆ బూజు ఉండదు. అయినా నాలుగు పొట్లాలు కట్టి పేర్లు రాసింది. మునిప్రసాద్ పైనుంచి చేయి అందించాడు. కింద టమేటా చేనులో మట్టి తీసుకుంటే పనికిరాదా అని అడిగాడు. రెండూ ఒకే చేను కదా అన్నాడు.

“ఆడా బూజు ఉంటాదన్నా. ఈ బూజు కాదు. ఆ టమేటాకు పైపుల్లో నీళ్లు, వారం వారం మందు. ఎండకి నిలబడే పని ఆడుండే బూజుకి ఎప్పుడూ పడలేదు.”

జ్ఞానాంబ ఇద్దరినీ ఇంటికి తీసుకెళ్లింది. ఇల్లు చేనుకు ఆనుకునే ఉంది. పక్క వాకిలి చిన్నబ్బది. అతని భార్య నాగరత్నమ్మ మజ్జిగ తెచ్చింది. పంచలో కూర్చున్నాక మునిప్రసాద్ జరిగిందంతా తనే చెప్పాడు. ఏదీ తగ్గించలేదు. చెంచా ఎంతదో చేత్తో చూపించాడు కూడా.

“పైరు పచ్చగా ఉందని ఏడ్సేవోళ్లని నా జన్మలో ఇప్పుడే సూస్తా ఉండా” అంది జ్ఞానాంబ.

“నేనూ ఇప్పుడే అక్కా” అన్నాడు మునిప్రసాద్.

నాగరత్నమ్మ నవ్వింది. లోహిత నవ్వలేదు. ఫోనులో తారీఖులు చూస్తోంది. ఇంకో మిట్ట వెతికి, ఆ మట్టిని పరీక్షించి, అందులో ఏముందో తేల్చడానికి రెండేళ్లు పడుతుంది.

పంచ మూలలో ఒక గంప బోర్లించి ఉంది. కోడి ఒకటి దాన్ని ముక్కుతో పొడుస్తుంటే మునిప్రసాద్ లేచి తోలాడు. గంప కాస్త పక్కకు జరిగింది. కింద నాలుగు మట్టి పాలికలు ఉన్నాయి. వాటిలో ఎండిన మొలకలు నిలబడి ఉన్నాయి. ఎవరి పెళ్లివని ఆయన అడిగాడు.

జ్ఞానాంబ మనవరాలు ఐశ్వర్య పెళ్లి ఫిబ్రవరిలో జరిగింది. ఐశ్వర్య శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, ఇప్పుడు అత్తగారిల్లు సత్యవేడు. పెళ్లికి ముందు పుట్టమన్ను తెచ్చి, పాలికల్లో పోసి, ముత్తయిదువులు అందులో నవధాన్యాలు చల్లుతారు. పెళ్లయ్యాక మొలకలతో సహా తీసుకెళ్లి నీళ్లలో కలుపుతారు. జ్ఞానాంబ ఇంట్లో తమ బావిలోనే కలపడం ఆచారం. ఈ ఏడు జనవరికే బావి ఎండిపోయింది. కాణిపాకం పోయి కలపమని అందరూ అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. తన అత్త కలిపింది ఆ బావిలోనే, తను కలిపింది ఆ బావిలోనే. నీళ్లు వచ్చాక కలుపుతానని పంచలో పెట్టింది. మొలకలు చావకుండా నలభై రోజులు చెంబుతో నీళ్లు చల్లింది. ఏప్రిల్ ఎండకు అవి ఎండిపోయాక గంప మూసింది. ఐదో పాలికను మేక తోసి పగలగొట్టింది.

“పుట్టమన్ను యాడిది?” అని మునిప్రసాద్ అడిగాడు.

“మిట్ట మీదిదే. ఇంక యాడుండాది పుట్ట?”

లోహిత ఫోను కింద పెట్టింది. పాలికల దగ్గరికి వెళ్లి కూర్చుంది. కంది, పెసర, అలసంద, గోధుమ మొలకల మోళ్లను గుర్తుపట్టింది. నవధాన్యాల్లో బూజును రానివ్వని గింజ ఒక్కటీ లేదు. నలభై రోజులు బతికిన వేర్లు. ఎరువు లేదు. నీడలో ఎండిన మట్టి. ఎండిన మట్టిలో గుడ్లు నెలల తరబడి బతుకుతాయి.

కానీ పుట్టమన్ను చెదలు లోతు నుంచి మోసుకొచ్చేది. అంత లోతున వేర్లు తక్కువ, వేర్లు లేని చోట బూజు తక్కువ. రెండో ఏడు ఆమె ఆ పుట్టమన్నును కూడా పరీక్షించింది. దాంట్లో దాదాపు ఏమీ దొరకలేదు. ఆ మాట ఆమె మునిప్రసాద్‌కు చెప్పింది. చెట్టు కింద మట్టి అయితే వేరే సంగతి, పుట్టమన్ను కాబట్టి ఆశ పెట్టుకోవడానికి లేదంది. గంపను మళ్లీ మూసి వచ్చి కూర్చుంది.

జ్ఞానాంబ మజ్జిగ గ్లాసును చేతిలోనే పట్టుకుని ఉంది. ఇంకాస్త మజ్జిగ తెమ్మని నాగరత్నమ్మను లోపలికి పంపింది. ఆమె వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి మాట్లాడింది.

“పాపా, అది వట్టి పుట్టమన్ను గాదు.”

లోహిత తలెత్తింది.

“పుట్ట సగం విరిగిపోయి ఉండె. గీకితే రెండు పాలికలక్కూడా చాల్లేదు. ఇంకో పుట్ట కోసం ఆ ఎండలో యాడ తిరిగేది? రేగిచెట్టు కింద మట్టి తవ్వి కలిపినాను. అయ్యోరికి చెప్పలేదు. దీనికీ చెప్పలేదు.” లోపలి గుమ్మం వైపు చూపించింది. “ఊరంతా పుట్టమన్ననే అనుకున్నారు.”

“ఎంత కలిపినావు అవ్వా?”

“ఎక్కువ అదే.”

“చెట్టుకి ఎంత దూరంలో తవ్వినావు?”

“మాను మొదట్లోనే. ఆడ నీడుండె.”

లోహిత మట్టి తీసుకున్నదీ మాను మొదట్లోనే.  ఆ పాలికలు తనకిస్తావా అని ఆమె అడిగింది.

జ్ఞానాంబ వెంటనే ఇస్తానని అనలేదు. నీళ్లలో కలపకముందు పాలికలు ఇల్లు దాటకూడదు. పెళ్లిలో ఒక తప్పు తను ముందే చేసింది. ఇప్పుడు ఇంకొకటి చేస్తే, రేపు మనవరాలికి జ్వరం వచ్చినా అది తనవల్లే వచ్చిందనిపిస్తుందని చెప్పింది. లోహిత బతిమాలలేదు. మునిప్రసాద్ మాత్రం, మేం పారబోయడానికి తీసుకెళ్లడం లేదు, మళ్లీ గింజలేసి మొలిపించడానికే తీసుకెళ్తామని చెప్పాడు.

“నువ్వు మొలిపిస్తావు నాయనా. మొలిపించినాక ఏమేస్తావో అదే నాకు భయం.”

నాగరత్నమ్మ మజ్జిగతో వచ్చింది. మాట అక్కడ ఆగింది. ఐశ్వర్యనే అడుగుదామని జ్ఞానాంబ అంది. ఫ్యాక్టరీ లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. భోజనానికి ఒంటిగంటకు వదులుతారు. అప్పటికి పన్నెండు దాటి పది నిమిషాలు. జ్ఞానాంబ అన్నం వండింది. లోహిత రెండు ముద్దలు తిని చేయి కడుక్కుంది. మునిప్రసాద్ గంపకు రెండడుగుల దూరంలో గోడకానుకుని కూర్చుని కోళ్లను కాశాడు.

ఒంటిగంటా పది నిమిషాలకు ఐశ్వర్య ఫోను ఎత్తింది. జ్ఞానాంబ స్పీకరు పెట్టింది. సంగతంతా చెప్పింది, రేగిచెట్టు మట్టి మాట తప్ప. అవతల క్యాంటీను గోల వినిపిస్తోంది.

“నేనీడ బాగనే ఉండా గదవ్వా” అంది ఐశ్వర్య. “నాలుగు నెల్లుగా నా పెండ్లి మట్టిని కోళ్లకి కాపలా కాస్తా ఉండావు. ఆయక్కకి ఇచ్చెయ్. నేను ఇంటరుతో ఆపితిని, నా మట్టన్నా డాక్టరు చదవనీ.”

జ్ఞానాంబ ఫోను పెట్టేసింది. ఒక షరతు పెట్టింది. నాలుగింట్లో ఒక పాలికను ముట్టుకోకుండా ఉంచాలి. బావిలో నీళ్లు పడ్డాయని కబురు చేసినరోజు దాన్ని తెచ్చి ఇవ్వాలి. లోహిత తెస్తానంది. మునిప్రసాద్, తను తెస్తానన్నాడు.

తిరుగు బస్సులో రెండు పాలికలు ఆమె ఒళ్లో, రెండు ఆయన ఒళ్లో ఉన్నాయి. ఆయన తువ్వాలు కప్పి రెండు చేతులతో పట్టుకున్నాడు. పూతలపట్టు దగ్గర ఎక్కిన ఒకామె అది కాణిపాకం ప్రసాదమా అని చేయి చాపింది. మట్టమ్మా అన్నాడాయన. ఆమె అయినా తువ్వాలుకు దండం పెట్టుకుంది.

శుక్రవారం లోహిత ఒక పాలికను కవరులో మూసి, తేదీ రాసి బీరువాలో పెట్టింది. మిగిలిన మూడింటి మట్టిని, అందులోని ఎండిన వేర్లను కత్తెరతో ముక్కలు చేసి, వేరే బూజులు చావడానికి ఆవిరి పట్టించిన ఇసుకలో కలిపింది. పన్నెండు కుండీలు అయ్యాయి. జొన్న నాటింది. ఒక్క చెంచా మట్టిని సూక్ష్మదర్శిని కింద చూసింది. తేనె రంగు గుడ్లు రెండు కనిపించాయి. అవి బతికున్నాయో లేదో చూసి చెప్పడం కుదరదు. మొలిచిన వేరే చెప్పాలి.

మునిప్రసాద్ స్టోరు రూములో ఉన్న డి.ఏ.పి. డబ్బాను పక్క విభాగానికి ఇచ్చేశాడు. షెడ్డుకు తాళం వేసి తాళంచెవి లోహితకు ఇచ్చాడు. నీళ్లు పోసేటప్పుడు ఆమెను పిలిచి, ఆమె ముందే పోశాడు.

జూలై మొదటి వారంలో ఆకు అంచులు పసుపు తిరిగాయి. ఆయన రోజూ చూశాడు. ఒకరోజు లోహిత షెడ్డు తాళం తీసి, నోటుబుక్కు తెచ్చేసరికి ఆయన కుండీలకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు.

“ఏమన్నా అట్ల కూసున్నావు?”

“సూడలేకుండా ఉండా పాపా. బిడ్డ ఆకలికి ఏడుస్తా ఉంటే గిన్నె దాసి పెట్టినట్టుండాది.”

“ఇంకొక మూడు వారాలన్నా.”

“నాకూ మూడు వారాలే. మంచిగా పోదామనుకుంటి ఈ ఆఫీసులోంచి.”

ఆ మాట తర్వాత ఆమె ఆయన పక్కన కొంచెంసేపు కూర్చుంది. మూడో వారంలో మధ్య ఆకులు కొన్ని తిరిగి పచ్చబడ్డట్టు ఆయనకు అనిపించింది. ఆమెకు చెప్పలేదు. తన కళ్లను తాను నమ్మడం మానేశానని తర్వాత అన్నాడు.

జూలై ఇరవై ఎనిమిది సోమవారానికి జొన్నకు నలభై ఐదు రోజులు. పొద్దున్నే లోహిత పన్నెండు కుండీల నుంచి వేర్లు తీసి కడిగింది. మునిప్రసాద్ క్షారం కాచాడు. సిరా సీసా ఆయన ముందురోజే గాంధీ రోడ్డులో కొని తెచ్చాడు. రంగు పట్టడానికి ఐదు నిమిషాలు చాలు. ఆమె పది నిమిషాలు ఉంచింది.

మొదటి గాజు పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టింది. పొడుగు వేరు ఒకటి అడ్డంగా ఉంది. పలకను జరుపుకుంటూ పోయింది. వేరు మధ్య నీలం గీత ఒకటి కనిపించింది. ఇంకాస్త జరిపింది. గీత రెండుగా చీలింది. చీలిన చోట వేరు గదుల్లో చిన్న చిన్న చెట్లు గీసినట్టు నీలం నిండి ఉంది. అదే బూజు ఇల్లు. మొక్కకు భాస్వరం అప్పగించే చోటు అదే.

ఆమె రెండో పలక పెట్టింది. మూడోది పెట్టింది. పన్నెండు కుండీలకు పదకొండింట్లో బూజు ఉంది. మూడు వందల అరవై ముక్కల్లో రెండు వందల నలభై ఆరు నీలం పట్టాయి. అంకె రెండుసార్లు కూడి చూసుకుంది. అప్పుడు కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

“ఈడ కూర్సో అన్నా.”

ఇరవై రెండేళ్లుగా ఆ సూక్ష్మదర్శినిని రోజూ తుడిచినవాడు దాంట్లోకి ఎన్నడూ చూడలేదు. ఎవరూ చూడమనలేదు, ఆయన అడగలేదు. కళ్లజోడు తీసి చూశాడు. పెట్టుకుని చూశాడు. ఆమె చక్రం తిప్పి సరిచేసింది.

“నీలంగా ఉండేదా?”

“అదే.”

ఆయన చాలాసేపు కన్ను తీయలేదు.

“దీనికా నేను అన్నం పెట్టలేదని ఏడ్సింది” అన్నాడు. “ఇదే వండుకుంటా ఉండాదే.”

లోహిత నవ్వింది. ఆ పరిశోధనశాలలో ఆమె నవ్వి ఐదు నెలలయింది. ప్రసన్నకుమారి వచ్చి మూడు పలకలు చూసి, క్యాలెండరులో ఆగస్టు పదిహేను చుట్టూ గీసిన గీతను కొట్టేసింది. ఇది రేగిచెట్టు బూజేనని తేల్చడానికి గుడ్లు రావాలని, నీళ్లు ఆపి చూడాలని గుర్తుచేసింది. అది నిజమే. సెప్టెంబరులో గుడ్లు వచ్చాయి, తేనె రంగువి, ఒక పక్క తోకతో. వేరుశెనగకు నీళ్లు ఆపితే పద్దెనిమిది రోజులు నిలబడింది.

మునిప్రసాద్ జూలై ముప్పై ఒకటిన రిటైరయ్యాడు. శాలువా కప్పారు. మాట్లాడమంటే, పైరు పసుపు తిరిగితే తొందరపడి మందు వేయకండి అన్నాడు. అక్కడున్నవాళ్లలో ఇద్దరికే అర్థమైంది.

అక్టోబరు మూడో వారంలో తుఫాను వాన ఐదు రోజులు పట్టింది. ఆరో రోజు జ్ఞానాంబ ఫోను చేసి, బావిలో రెండు నిలువుల నీళ్లు పడ్డాయని చెప్పింది. లోహిత అప్పటికి బూజు మట్టిని నాలుగు సంచుల్లో ఆరబెట్టి, రెండు తన దగ్గర, ఒకటి ప్రసన్నకుమారి దగ్గర, ఒకటి చిత్తూరులో తన నాయన దగ్గర ఉంచింది. బీరువా తెరిచి నాలుగో పాలికను తీసింది. కవరు మూసినట్టే ఉంది. ఒక చెంచా తీసి పెట్టుకుందామా అని ఒక్క నిమిషం అనుకుంది. తీయలేదు.

బావి దగ్గర మునిప్రసాద్ ముందే ఉన్నాడు. పాకాల నుంచి బండి మీద వచ్చాడు. జ్ఞానాంబ పాలికను అందుకుని, మట్టిని వేలితో తాకి చూసి, పసుపు కుంకుమ వేసింది. నాగరత్నమ్మ కొబ్బరికాయ కొట్టింది. నీళ్లు మెట్ల దాకా ఉన్నాయి. జ్ఞానాంబ మూడు మెట్లు దిగి పాలికను నీళ్లలో వదిలింది. అది ఒక్క క్షణం తేలి మునిగిపోయింది.

“ఇంక నాకు నిద్ర పడతాది” అంది.

పైకి వచ్చాక లోహిత తన సంచీలోంచి ఒక కుండీ తీసింది. జానెడు రేగిమొక్క. వేరుకు బూజు పట్టించి పెంచింది. గొయ్యి గట్టు మీద నాటడానికి చిన్నబ్బ ఒప్పుకున్నాడని నాగరత్నమ్మ చెప్పింది. మునిప్రసాద్ గుంత తవ్వాడు. మొక్క పెట్టి మట్టి కప్పి, పాదంతో అదిమాడు. రెండు చేతులూ దులుపుకుని వెనక్కి జరిగాడు.

“పెంట రొంత ఏద్దామా నాయనా?” అంది జ్ఞానాంబ, లోహిత వైపు చూస్తూ.

“నీకు దండం పెడతానక్కా” అన్నాడు మునిప్రసాద్. “దాన్ని దాని పాటికి వదిలెయ్.”